హ్యాంగర్ తయారీదారులకు, లాండ్రీ యజమానులకు ఫినిషింగ్ టేబుల్ నుంచి ఒక బహిరంగ లేఖ

హ్యాంగర్లు, వాటికి పెట్టే క్లిప్పులు, భుజాల తొడుగులు, అట్ట గొట్టాలు, ట్యాగులు, కవర్లు తయారుచేసే కంపెనీలవారికీ, వాటిని పెట్టెలకు పెట్టెలు కొనే లాండ్రీ, డ్రై క్లీనింగ్ షాపుల యజమానులకూ నమస్కారం.

నేను పనిచేసేది ఫినిషింగ్ టేబుల్ దగ్గర. మెషిన్‌లోంచి వచ్చిన బట్టకు ఆవిరి పట్టి, ఇస్త్రీ చేసి, హ్యాంగర్‌కు వేసి, కవర్ తొడిగి కౌంటర్‌కు పంపడం మా పని. మీలో కొందరు తయారుచేసే, మరికొందరు కొనే ఈ సరుకంతా పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా చేతుల్లోనే ఉంటుంది. అందుకే ఈ లేఖ.

డ్రై క్లీనింగ్ మెషిన్‌లో బట్ట ఉండేది దాదాపు ఒక గంట. ఇస్త్రీ ప్రెస్ మీద ఉండేది కొద్ది నిమిషాలు. హ్యాంగర్ మీద మాత్రం నెలల తరబడి ఉంటుంది. మళ్లీ దాన్ని వేసుకునే రోజు వచ్చేదాకా అదే హ్యాంగర్‌కు, అవే క్లిప్పులతో, చాలాసార్లు అదే కవర్‌లో బీరువాలో వేలాడుతుంది. వీటిని తయారుచేసేటప్పుడూ, కొనేటప్పుడూ మాత్రం షాపు నుంచి ఇంటిదాకా జరిగే ప్రయాణం ఒక్కటే లెక్కలోకి వస్తోంది. ఇల్లు చేరేదాకా ఆగితే చాలు అన్న ఆ లెక్క మార్చమని అడుగుతున్నాను.

ఈ మాట ఎత్తినప్పుడల్లా ఒక జవాబు వినిపిస్తుంది. "ఇది తీసుకెళ్లడానికి ఇచ్చే హ్యాంగర్, ఇంటికెళ్లాక కస్టమరే మంచిదానికి మార్చుకోవాలి" అని. కౌంటర్ దగ్గర మేమూ ఆ మాట చెబుతూనే ఉంటాం. ఎంతమంది మార్చుకుంటారో అక్కడ నిలబడే వాళ్లందరికీ తెలుసు. ముడత లేకుండా ఇస్త్రీ చేసి, కవర్ తొడిగి ఇచ్చిన కోటును ఇంటికెళ్లి విప్పి మళ్లీ వేలాడదీయాలని ఎవరికనిపిస్తుంది? పైగా ఇదే పనిగా పెట్టుకున్నవాళ్లు, డబ్బు తీసుకుని చేసేవాళ్లు ఇచ్చిన హ్యాంగర్ కదా, బట్టకు మంచిదే అయ్యుంటుందని నమ్ముతారు. వాళ్లు అలా నమ్మడం న్యాయమే. ఆ నమ్మకానికి తగ్గ సరుకు వాళ్ల చేతిలో పెట్టాల్సింది మనం.

బట్ట పడే ఇబ్బంది చూసి హ్యాంగర్‌ను బాగుచేసినవాళ్లు ఇదివరకు ఉన్నారు. 1903లో అమెరికాలోని మిషిగన్‌లో ఒక వైరు కంపెనీలో పనిచేసే ఆల్బర్ట్ పార్క్‌హౌస్, కోటు తగిలించడానికి కొక్కెం ఖాళీ లేక అక్కడున్న వైరు ముక్కను వంచి హ్యాంగర్ చేశాడని చెబుతారు. అలాంటి వైరు మీద ఉతికిన బట్ట ముడతలు పడుతోందని 1932లో షైలర్ హ్యూలెట్ భుజాల దగ్గరా, కిందా అట్ట గొట్టాలు బిగించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. 1935లో ఎల్మర్ రోజర్స్ కింది కడ్డీకి గొట్టం పెట్టాడు. ఇవాళ మనం ప్యాంట్లు వేసి ఇచ్చేది ఆ గొట్టం మీదే. ఆ ఇద్దరూ వైరు జోలికి పోలేదు, దానికి తగిలించే వస్తువును బాగుచేశారు. నేను అడిగేదీ అదే. కొత్త హ్యాంగర్ కనిపెట్టమని అడగడం లేదు. ఉన్న హ్యాంగర్‌కు బట్ట తగిలే చోట ఏం పెడుతున్నారో ఒకసారి చూడమంటున్నాను.

మెడ దగ్గర మొదలుపెడతాను. ఒక వైరు హ్యాంగర్ చేతిలోకి తీసుకుని కొక్కెం కింద, వైరు మెలి తిరిగిన చోట చూడండి. రెండు కొసల్లో ఒకటి పైకి వెళ్లి కొక్కెం అవుతుంది. రెండోది దాని చుట్టూ కొన్ని మెలికలు తిరిగి ఆగిపోతుంది. ఆగిన చోట కత్తిరించిన మొన ఉంటుంది. పూత వేసిన వైరును ఆ తర్వాత కత్తిరిస్తే ఆ మొనకు పూత ఉండదు. వేలితో తడిమితే గీరుకుంటుంది. కాలర్ లోపలి వైపు, మెడ దగ్గరి లేబుల్, సిల్కు బ్లౌజు అంచు సరిగ్గా అక్కడే తగులుతాయి. పలుచటి బట్టలో దారం లేచేది అక్కడే. తేమ తగిలితే ముందుగా తుప్పు పట్టేదీ అక్కడే. తెల్ల షర్టు కాలర్ లోపల చిన్న గోధుమరంగు చుక్క కనబడి కస్టమర్ వెనక్కి తెస్తే, చెమట మరక అని వెంటనే అనేయకండి, ముందు హ్యాంగర్ మెడ చూడండి. తుప్పు మరక మామూలు సబ్బుకు పోదు, డ్రై క్లీనింగ్‌లో నీళ్లకు బదులు వాడే సాల్వెంట్ ద్రవానికీ పోదు. దానికి విడిగా తుప్పు తీసే మందు వేయాలి, అది కొన్ని రంగులకు పడదు.

దీనికి కావలసింది ఆ మెలికను మొత్తం కప్పే చిన్న తొడుగు. ఇలాంటివి తయారుచేయడం కష్టమేమీ కాదు. కానీ కొక్కెం పైనుంచి దూర్చి, కిందికి లాగి సర్దాల్సిన తొడుగు మా టేబుల్ దగ్గర పనికిరాదు. రద్దీ రోజున ఒక్కో బట్టకు మాకు దొరికేది కొద్ది సెకన్లు. పక్కనుంచి పెట్టి బొటనవేలితో నొక్కితే కూర్చునేదిగా చేయండి. ఇంకా మేలైన దారి, ఫ్యాక్టరీలోనే ఆ మొనను లోపలికి మడిచి, నున్నగా చేసి, ఆ తర్వాత పూత వేయడం.

ఇక భుజాలు. షర్టులకు ఎక్కువగా 14.5 గేజ్ వైరు, కోట్లకు 13 గేజ్ వాడతారు. గేజ్ అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది. మొదటిది సుమారు రెండు మిల్లీమీటర్లుంటే రెండోది అంతకు కాస్త మందం, అంతే. ఉన్ని కోటు బరువంతా ఆ సన్నటి గీత మీదే పడుతుంది. ఉన్ని పైకి తడిగా అనిపించకుండానే తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమ పీల్చుకోగలదు. గాలిలో తేమ ఎక్కువగా ఉండే రోజుల్లో కోటు ఇంకా బరువెక్కుతుంది, ఉన్ని దారం ఇంకా మెత్తబడుతుంది, భుజం మీద బొడిపెలు లేస్తాయి. అల్లిక బట్టలైతే చెప్పనక్కర్లేదు. స్వెటర్‌ను హ్యాంగర్‌కు భుజాల మీద వేయనే కూడదు. మడిచి కింది కడ్డీ మీద వేయాలి, లేకపోతే మడతపెట్టి ఇవ్వాలి.

ఈ బొడిపెలు రాకుండా మాకు దొరుకుతున్న అనుబంధాలు ప్రధానంగా రెండు. ఒకటి వైరు మీద కప్పే కాగితం తొడుగు. కాగితం వైరును కప్పుతుంది కానీ బరువును పంచదు. కొద్దిసేపటికి మధ్యకు జరిగి, చివర్లు మళ్లీ బయటపడతాయి. భుజం కొసలో బొడిపె లేచేది సరిగ్గా ఆ చివరే. రెండోది ఫోమ్ తొడుగు. కొత్తలో బాగానే ఉంటుంది. పాలీయూరిథేన్ ఫోమ్‌కు గాలి, వెలుతురు, తేమ తగిలేకొద్దీ అది పసుపు తిరుగుతుంది, తర్వాత పొడిపొడిగా రాలుతుంది. ఏడాది తర్వాత కోటు బయటికి తీసి చూస్తే లైనింగ్‌కు పసుపు పొడి అంటుకుని ఉంటుంది. కాపాడటానికి పెట్టినదే బట్టను పాడుచేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

కాగితపు గుజ్జుతో అచ్చు పోసిన భుజం తొడుగు చేయండి. వేలెడు వెడల్పు ఉన్నా బరువు పంచుకుంటుంది, రెండు వేళ్ల వెడల్పుంటే కోటుకు సరిపోతుంది. భుజం ఎలా వంపు తిరుగుతుందో అదీ అలా వంపు తిరిగి ఉండాలి, ముందుకు కొద్దిగా వాలాలి. వైరు కూర్చునే గాడి కింది వైపు ఉండాలి, ఒకసారి నొక్కాక పక్కకు జరగకూడదు. పిల్లల గౌనుకూ పెద్దల ఓవర్‌కోటుకూ ఒకటే సైజు ఇవ్వకండి. భుజం దాటి బయటికి వచ్చిన హ్యాంగర్ బట్ట చేతి భాగాన్ని లోపలినుంచి పొడుస్తుంది. మరీ చిన్నదైతే భుజం కొస కిందికి వాలిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది క్లిప్పు. దాని నోరు తెరిచి చూడండి. లోపల పలుచటి మెత్తని పొర, దాని మీద అడ్డంగా గీతలు, కొన్నిటికి పళ్లు. స్ప్రింగు కొత్తగా ఉన్నప్పుడు బలంగా కరుస్తుంది. స్కర్టు నడుము పట్టీ మీద ఆ గీతలు అచ్చుగుద్దినట్టు దిగుతాయి. వెల్వెట్ మీదైతే నూగు అణిగిపోయి రెండు మెరిసే చతురస్రాలు మిగులుతాయి. కొన్ని రకాల వెల్వెట్‌కు ఎంత ఆవిరి పట్టినా ఆ నూగు మళ్లీ లేవదు. స్ప్రింగు పాతబడితే కథ ఇంకోలా మారుతుంది. బరువైన స్కర్టు ఒక పక్క జారి, మిగిలిన బరువంతా రెండో క్లిప్పు మీద పడి, నడుము పట్టీ సాగిపోతుంది. ఆ మెత్తని పొర చాలావాటిలో మెత్తబరిచిన పీవీసీ అనే ప్లాస్టిక్. మెత్తదనం కోసం అందులో కలిపే ప్లాస్టిసైజర్ నెమ్మదిగా బయటికి వస్తుంది. రెగ్జిన్‌కు, పూత వేసిన బట్టకు అది నెలల తరబడి ఆనుకుని ఉంటే జిగురు మరక మిగులుతుంది.

క్లిప్పు తయారీదారులు నిజంగా తెలివి పెట్టాల్సిన చోటు ఇది. పళ్లు, గీతలు తీసేయండి. పట్టు కావాలంటే నోరు వెడల్పు చేయండి, ఒత్తిడి పెంచకండి. పీవీసీ బదులు సిలికాన్ పొర పెట్టండి, అది చాలా తక్కువ ఒత్తిడికే జారకుండా పడుతుంది. స్ప్రింగును బట్ట తగలని చోట దాచండి, తుప్పు పట్టని ఉక్కుతో చేయండి. కడ్డీ మీద క్లిప్పు పక్కకు జరగాలి, కానీ జరిపిన చోట ఆగాలి. ఇప్పుడు వచ్చేవాటిలో కొన్ని తీసుకెళ్తుంటేనే మధ్యకు జారిపోయి స్కర్టు మడత పడుతోంది. పలుచటి బట్టకూ మందపు బట్టకూ రెండు రకాల బలమున్న క్లిప్పులు వేర్వేరు రంగుల్లో ఇస్తే మేము చూడకుండానే సరైనది తీసుకుంటాం. రంగు అంటే పొర రంగు కాదు, పై భాగం రంగు. బట్ట తగిలే పొర ఎప్పుడూ రంగు లేనిదిగా ఉండాలి. తడి తగిలినప్పుడు రంగు వదిలే పొరలు చాలానే చూశాం.

అట్ట గొట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. ప్యాంటు జారకుండా దానిమీద జిగురు పూత వేస్తారు. పూత తక్కువైతే ప్యాంటు కవర్ అడుగున కుప్పపడుతుంది. ఎక్కువైతే నల్ల ప్యాంటు మోకాలి వెనక నూలు పీచు, దుమ్ము చారలా అంటుకుంటాయి. తేమకు గొట్టం మధ్యలో వంగుతుంది, చివర్లు వైరు కొసలనుంచి ఊడతాయి. మందపు గొట్టం, చివర్లలో గట్టి బిగింపు, అంటుకోని గరుకు పూత ఉంటే చాలు. గొట్టం ఎంత లావైతే ప్యాంటుకు అడ్డ మడత అంత తక్కువగా పడుతుందన్నది ఈ పని చేసే ప్రతి ఒక్కరికీ తెలుసు.

ట్యాగుల విషయంలో తయారీదారులకంటే షాపుల తప్పే ఎక్కువ. ఆర్డర్ నంబరు కాగితాన్ని స్టేప్లర్‌తో బట్టకే కొట్టే అలవాటు ఇంకా పోలేదు. పిన్నీసు కూడా అంతే. సిల్కులో గుచ్చిన రంధ్రం పూడదు, తడిసిన పిన్ను తుప్పు చుక్క వదులుతుంది. ట్యాగును గుండీ రంధ్రానికో, లేబుల్ కింది కుట్టుకో, బెల్టు లూపుకో కట్టొచ్చు. అవేవీ లేని బట్టలకోసం, తడికీ సాల్వెంట్‌కూ తట్టుకునే, గుచ్చాల్సిన అవసరం లేని మెత్తని ఉంగరం లాంటి కట్టు ఏదైనా తయారుచేసి ఇవ్వండి. మా దగ్గర దానికి చాలా పని ఉంది.

కవర్ దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. పలుచటి పాలిథిన్ కవర్ దారిలో దుమ్మునుంచీ వాననుంచీ కాపాడుతుంది. బీరువాలో నెలలపాటు ఉంచడానికి పనికిరాదు. ఆవిరి పట్టిన బట్ట పూర్తిగా ఆరకముందే కవర్ తొడిగితే ఆ తేమంతా లోపలే ఉండిపోతుంది. ఇంకో సంగతి చాలా షాపుల్లో తెలియదు. ప్లాస్టిక్ త్వరగా పాడవకుండా కలిపే బీహెచ్‌టీ అనే పదార్థం, గాలిలో వాహనాల పొగనుంచీ గ్యాస్ మంటనుంచీ వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసినప్పుడు తెల్లబట్ట మీద పసుపు ఛాయ తెస్తుంది. కస్టమర్ వచ్చి "మీరు సరిగ్గా ఉతకలేదు" అంటాడు. ఉతకడంలో లోపం ఉండకపోవచ్చు, కవర్ పనే అయ్యుండొచ్చు. బీహెచ్‌టీ లేని ప్లాస్టిక్ పొర తయారుచేయడం సాధ్యమే. దాన్ని ఇవ్వండి, ఇచ్చినట్టు కవర్ మీద ముద్రించండి.

కవర్లలో ఇంకా పెద్ద ప్రమాదం ప్రాణాలకు సంబంధించింది. 1950ల చివర్లో అమెరికాలో డ్రై క్లీనింగ్ కవర్లు ముఖానికి అంటుకుని ఊపిరాడక పసిపిల్లలు చనిపోయారు. ఆ తర్వాతే కవర్ల మీద హెచ్చరిక వేయడం మొదలైంది. ఇప్పటికీ కొన్ని కవర్లమీద ఆ హెచ్చరిక కనీకనిపించని అక్షరాల్లో ఉంటుంది, కొన్నిటి మీద ఉండనే ఉండదు. దయచేసి పెద్ద అక్షరాల్లో, వాడేవాళ్లు చదవగలిగే భాషలో వేయండి. గాలి ఆడేలా రంధ్రాలు పెట్టండి. ఇలా చేస్తే తేమ కూడా బయటికి పోతుంది. ఎక్కువకాలం దాచుకునే బట్టలకు భుజాలవరకే వచ్చే కాగితం తొడుగో, నూలుబట్ట తొడుగో షాపులు ఇవ్వగలిగితే, దుమ్ము పడేది ముఖ్యంగా భుజాలమీదే కాబట్టి, చాలావరకు అది సరిపోతుంది.

వేడి సంగతి ప్లాస్టిక్ హ్యాంగర్లు చేసేవాళ్లకు. పెద్ద లాండ్రీల్లో బట్టలు హ్యాంగర్‌మీద ఉండగానే ఆవిరి, వేడిగాలి ఉన్న టన్నెల్‌లోంచి వెళ్తాయి. అక్కడ వేడి 100 డిగ్రీలు దాటుతుంది. పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ మెత్తబడేదీ దాదాపు ఆ వేడి దగ్గరే. వంగిపోయిన హ్యాంగర్ టన్నెల్‌లో ఇరుక్కుంటే వెనకున్న బట్టలన్నీ ఆగిపోతాయి. హ్యాంగర్ ఎంత వేడి తట్టుకుంటుందో దానిమీదే అచ్చు వేస్తే ఈ గొడవ ఉండదు. కొక్కెం ఎత్తు, నోటి వెడల్పు కూడా కంపెనీకి ఒకలా ఉంటున్నాయి. బట్టలను వేలాడదీసి ముందుకు నడిపే కన్వేయర్ మీద కొన్ని పట్టవు, పట్టినవి కొన్ని జారతాయి. మీలో మీరు కూర్చుని ఒక కొలత ఖాయం చేసుకోకూడదా?

బట్టలు మోసుకెళ్లే చేతుల గురించి ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. ఒకే ఆర్డర్‌లో ఏడెనిమిది బట్టలుంటే కొక్కేలన్నీ కలిపి సన్నటి వైరుతో కట్టి ఇస్తాం. కస్టమర్ రెండు వేళ్లతో పట్టుకుంటే వైరు వేళ్లను కోస్తుంది. కౌంటర్ దగ్గర వయసు మళ్లినవాళ్లు చేతులు మార్చుకుంటూ అవస్థపడటం రోజూ చూస్తాం. కొక్కేలన్నిటినీ ఒక గాడిలో కూర్చోబెట్టి, పైన చేతికి ఇంపుగా ఉండే పిడి పెడితే చాలు. ఆర్డర్ నంబరు దానిమీదే రాసుకోవచ్చు. తర్వాతిసారి వచ్చినప్పుడు తిరిగి తెస్తే మళ్లీ వాడుకోవచ్చు.

తిరిగి తేవడం అన్నాక ఇంకో మాట. వైరు హ్యాంగర్ ఉక్కే అయినా, చెత్త వేరుచేసే కేంద్రాల్లో యంత్రాలకు చుట్టుకుంటుందని చాలాచోట్ల తీసుకోరు. నల్ల ప్లాస్టిక్ హ్యాంగర్లలో కలిపే కార్బన్ బ్లాక్ రంగువల్ల అక్కడి ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లు ప్లాస్టిక్ రకాన్ని గుర్తుపట్టలేవు. ప్లాస్టిక్ ఒంటికి ఇనుప కొక్కెం, దానికి ఫోమ్, దానిమీద రబ్బరు ఇలా నాలుగు రకాలు విడదీయడానికి వీల్లేకుండా అతికిస్తే ఎవరూ ఏమీ చేయలేరు. అనుబంధాలన్నీ చేత్తో ఊడదీయగలిగేలా చేయండి. క్లిప్పు పాడైతే క్లిప్పే మార్చుకుంటాం, హ్యాంగర్ మొత్తం పారేయం.

లాండ్రీ యజమానులకు కొంచెం గట్టిగానే చెప్పాలి. మీరు పెట్టె ధర చూసి కొంటున్నారు. చవక పెట్టెలో వచ్చిన హ్యాంగర్ వంగి ప్యాంటు జారితే, దాన్ని మళ్లీ ఇస్త్రీ చేసే సమయం, కరెంటు, ఆవిరి ఏ లెక్కలో రాస్తున్నారు? క్లిప్పు అచ్చు పడిన స్కర్టుకు కట్టిన పరిహారం ఎన్ని పెట్టెల మంచి క్లిప్పులకు సరిపోయేదో ఒకసారి పాత రసీదులు తీసి చూడండి. మళ్లీ చేసిన పనులన్నిటినీ కొన్ని వారాలపాటు ఒక పుస్తకంలో కారణంతో సహా రాయించండి. ఏ వస్తువు మీకు నిజంగా ఖరీదైనదో అప్పుడు తెలుస్తుంది.

కొనేముందు పరీక్షించడానికి లాబొరేటరీ అక్కర్లేదు. తడిపిన తెల్ల నూలుగుడ్డను హ్యాంగర్ మెడకూ క్లిప్పుకూ చుట్టి రాత్రంతా ఉంచండి, పొద్దున తుప్పు గానీ రంగు గానీ దిగిందేమో చూడండి. రెండు కిలోల బరువు వేలాడదీసి ఒక రోజు వదిలేయండి, భుజం ఎంత వాలిందో స్కేలుతో కొలవండి. వెల్వెట్ ముక్కకూ, సిల్కు ముక్కకూ, రెగ్జిన్ ముక్కకూ క్లిప్పు పెట్టి వారం తర్వాత తీయండి. పాత నైలాన్ సాక్సు ఒకటి చేతికి తొడుక్కుని హ్యాంగర్ అంతటా నిమరండి. ఎక్కడ పట్టుకుంటుందో అక్కడ బట్ట చిరుగుతుంది. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఆ పెట్టె ఎంత చవకైనా కొనకండి.

తయారీదారులు ఇవే పరీక్షలు తమ దగ్గరే చేసి, ఫలితం పెట్టె మీద వేయాలని కోరుతున్నాను. వైరు గేజ్, పూత ఏమిటి, ఎంత బరువు ఆపుతుంది, ఎంత వేడి తట్టుకుంటుంది, బట్ట తగిలే పొర దేనితో చేశారు, నెలల తరబడి నిల్వకు పనికొస్తుందా, తీసుకెళ్లడానికేనా అన్నవి స్పష్టంగా ఉండాలి. తీసుకెళ్లడానికే అయితే ఆ మాట కస్టమర్‌కు కనిపించేలా హ్యాంగర్ మీదే అచ్చు వేయండి.

కొత్త నమూనా ఏది చేసినా కొనుగోలు ఆఫీసుకు పంపడంతో సరిపెట్టకండి. అక్కడ దాన్ని చేతితో తిప్పి చూసి, ధర అడిగి పక్కన పెడతారు. ఒక చిన్న పెట్టె నేరుగా ఫినిషింగ్ టేబుల్‌కు పంపండి. అన్ని సైజులూ పెట్టండి, ఒక ఖాళీ కాగితం కూడా పెట్టండి. రద్దీగా ఉన్న వారం మొత్తం వాడి, ఏది విరిగిందో, ఏది జారిందో, ఏది చేతికి గుచ్చుకుందో రాసి మేమే తిరిగి పంపిస్తాం.

ఇట్లు,
ఫినిషింగ్ టేబుల్ దగ్గర పనిచేసే ఒకరు